మలేషియాలోని పెనాంగ్‌లో చైనా వ్యాపారి అయిన మా ముత్తాత ఎవరెవరితో వ్యాపారం చేశారో పాత ఆస్తి పత్రాల్లో తెలుస్తుందా?

తెలుస్తుంది. కాకపోతే ఓనరు పేరు ఒక్కటే వెతికితే తెలియదు.

మీ నాయనమ్మగారి నాన్న పేరు, బీచ్ స్ట్రీట్‌లో ఆయనకి కొట్టు ఉండేదన్న మాట తప్ప ఇంకేమీ లేదని రాశారు. నేను మొదలుపెట్టినప్పుడు నా దగ్గరా అంతే ఉంది. మా ఆవిడది పెనాంగ్, హొక్కియెన్ కుటుంబం, అంటే దక్షిణ చైనా నుంచి వచ్చిన హొక్కియెన్ భాషవాళ్ళు. వాళ్ళ ముత్తాత బియ్యం, మిరియాలు అమ్మేవాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఎవరితో కలిసి అంటే మాత్రం ఎవరికీ తెలీదు.

ముందు నా తెలివితక్కువ పని చెప్తాను. ఒక దస్తావేజులో ఆయన పేరు పక్కన ఇంకో పేరు కనబడింది. పార్ట్‌నర్ దొరికాడనుకుని ఆ మనిషి కోసం ఆరు నెలలు తిరిగాను, శ్మశానంలో సమాధి రాళ్ళు కూడా చూసొచ్చాను. చివరికి మా ఆవిడ పెద్దమ్మ ఆ కాగితం చూసి ఒకటే నవ్వు. అది మనిషి పేరు కాదు, కొట్టు పేరు. అక్కడ దాన్ని 'చాప్' అంటారు. బాన్ అంటే పదివేలు, హిన్ అంటే వృద్ధి, హాక్ అంటే అదృష్టం. ఇలాంటి మంచి మాటలు రెండో మూడో కలిపి బోర్డు పెట్టుకునేవాళ్ళు. శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్ బోర్డు చూసి వెంకటేశ్వరగారి ఇల్లెక్కడ అని అడిగినట్టయింది నా పని.

ఇక దస్తావేజుల సంగతి. 1966లో కొత్త భూచట్టం అమల్లోకి వచ్చేదాకా పెనాంగ్, మలక్కాల్లో ఇంగ్లీషు పద్ధతి దస్తావేజులు నడిచాయి. మన లింక్ డాక్యుమెంట్లలాగే ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయి. ఇంటి నంబర్లు మారిపోతుంటాయి కాబట్టి ముందు లాట్ నంబర్, అంటే స్థలం నంబర్ పట్టుకోండి. ఇక్కడ ఒక తిరకాసుంది. ఆ పద్ధతిలో తనఖా పెడితే కాగితం మీద ఆస్తి అప్పిచ్చినవాడి పేరుకి వెళ్ళిపోతుంది, బాకీ తీరాక మళ్ళీ తిరిగి రాసిస్తాడు. మా వాళ్ళ కొట్టు ఒక చెట్టియార్ పేరు మీదకి మారడం చూసి పాపం ముత్తాత దివాలా తీశాడనుకున్నాం. తర్వాతి కాగితం తీస్తే రెండేళ్ళకే తిరిగొచ్చింది. నాటుకోట చెట్టియార్లు పెనాంగ్, సింగపూర్, రంగూన్ అన్నిచోట్లా చైనా వ్యాపారులకి అప్పులిచ్చినవాళ్ళే. పేరు ముందు నాలుగైదు ఇనిషియల్స్ వరసగా కనబడితే అది వాళ్ళ సంస్థ గుర్తు. అతన్ని పార్ట్‌నర్ కింద లెక్కేసుకోకండి.

అలాగే ఒకే ఇంటిపేరున్న ఐదారుగురు కలిసి ఆస్తి కొన్నట్టు ఉంటే అది ఒకే వంశంవాళ్ళ సంఘం, అంటే కొంగ్సీ ఆస్తి కావచ్చు. వాళ్ళు ట్రస్టీలు. పెనాంగ్‌లో ఖూ, చియా, యో, లిమ్, టాన్ ఈ ఐదూ పెద్ద వంశాలు. మీ ముత్తాత ట్రస్టీ అయితే పలుకుబడి ఉన్నవాడని అర్థం, అంతే.

అసలు చూడాల్సింది వాటాలు వేరువేరుగా రాసుకున్న ఉమ్మడి కొనుగోళ్ళు, సాక్షి సంతకాలు, చైనా వెళ్తూ ఎవరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాడన్నది, చెక్కుబందీలో పక్క కొట్టు ఎవరిదని రాశారన్నది. ఇంగ్లీషు స్పెల్లింగుని అస్సలు నమ్మకండి, అది గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఉంటుంది. పైగా ఒకే ఇంటిపేరు హొక్కియెన్‌లో టాన్, కాంటొనీస్‌లో చాన్, మాండరిన్‌లో చెన్. అందుకే కింద చైనీస్ అక్షరాల్లో సంతకం ఉంటే దాన్ని దగ్గరగా ఫోటో తీసుకోండి. మాకు మూడు దస్తావేజుల్లో మూడు స్పెల్లింగులతో ముగ్గురు మనుషులు కనబడ్డారు. ఫోటోలు పక్కపక్కన పెడితే మూడు చోట్లా అవే అక్షరాలు, చివరి గీత ప్రతిసారీ పైకి లాగి వదిలేసిన తీరు కూడా ఒకటే. రెండింటిలో సాక్షి, మూడోదాంట్లో సగం వాటాదారు. ముగ్గురూ ఒక్కడే!

విల్లు లేకుండా చనిపోయి ఉంటే కోర్టులో వారసత్వ కాగితాలు కూడా చూడండి. సింగపూర్‌లో 1908లో 'ఆరుగురు వితంతువుల కేసు' అని ఒకటి నడిచింది. చైనా వ్యాపారి పెళ్ళాడిన రెండో భార్య, మూడో భార్య కూడా భార్యలేనని, వాళ్ళకీ వాటా ఉందని కోర్టు ఒప్పుకుంది. అందుకని ఆ కాగితాల్లో భార్యలందరి పేర్లూ ఉండే అవకాశముంది. వాళ్ళ పుట్టిళ్ళు ఏ కొట్టువాళ్ళవో చూడండి, వియ్యంకులే సరుకు పంపేవాళ్ళు కావడం మామూలే.

పేరు, సుమారుగా సంవత్సరం దొరికాక సింగపూర్ నేషనల్ లైబ్రరీ వాళ్ళ పాత పేపర్ల సైట్‌లో కొట్టు పేరుతో వెతకండి. ఉచితమే. భాగస్వామ్యం రద్దయిందన్న నోటీసులు బోలెడు ఉంటాయి. మాకు మన సగం వాటాదారు అక్కడే దొరికాడు, ఆరు నెలలు నన్ను తిప్పిన ఆ కొట్టు పేరు కింద.