రిపోర్టులన్నీ నార్మల్ అంటున్నారు, ఒంట్లో మాత్రం బాగోలేదు

ప్రశ్న: నా వయసు 44. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. రెండేళ్ల కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. అప్పటి నుంచి ఆమె పనులన్నీ నేనే చూసుకుంటున్నాను. రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేవాలి. మావారు ఎరువుల కొట్లో గుమాస్తా. బాబు ఇంటర్, పాప తొమ్మిదో తరగతి. ఏడాదిగా తలనొప్పి, గుండె దడ, నీరసం. తలనొప్పికి రోజూ మాత్ర వేసుకుంటున్నాను. తీరిక దొరికి పడుకున్నా నిద్ర పట్టదు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, తల స్కాన్ అన్నీ నార్మల్ అన్నారు. 'ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో' అని పంపేస్తున్నారు. పని తప్పించుకోవడానికే ఇదంతా అని మా ఆడపడుచు అంటోంది. నాకు నిజంగా జబ్బు ఉందా, నా ఊహేనా? రిపోర్టులు జత చేశాను.
- ఒక పాఠకురాలు

జవాబు: మీది ఊహ కాదమ్మా. ఆ మాట ముందు చెప్పి తర్వాత మిగతా విషయాల్లోకి వస్తాను.

మీరు పంపిన కాగితాలన్నీ చూశాను. గుండె, థైరాయిడ్ బాగానే ఉన్నాయి. కానీ ఆ కట్టలో అడుగున ఒక రక్తపరీక్ష కాగితం ఉంది. అందులో హిమోగ్లోబిన్ 9.2 అని ఉంది. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. దడ, ఆయాసం, మెట్లెక్కితే కాళ్లు లాగడం, తలనొప్పి, వీటన్నిటికీ రక్తహీనత ఒక్కటే కారణం కావచ్చు. గుండెకు ఏమైందోనన్న హడావిడిలో దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

రక్తం ఎందుకు తగ్గింది? మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. 'అత్తయ్యకు తినిపించి, ఒళ్లు తుడిచి, బట్టలు ఉతికి నేను అన్నం తినేసరికి మూడవుతుంది, అప్పటికి కూర ఉంటే వేసుకుంటాను, లేకపోతే పచ్చడితో కానిచ్చేస్తాను' అని రాశారు. రెండేళ్లు అలా తింటే ఆ లోటు రక్తంలో కనిపిస్తుంది. ఇంకొకటి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా? ఈ వయసులో చాలామందికి అలా జరుగుతుంది, చెప్పుకోరు. పోతుంటే గైనకాలజిస్టుకు చూపించుకోండి. ఐరన్ మాత్రలు డాక్టర్ చెప్పిన మోతాదులో వాడండి. మాత్ర వేసుకునే ముందు, తర్వాత ఓ గంట కాఫీ, టీ వద్దు. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, భయపడకండి.

తలనొప్పి మాత్రలు ఆపాలి. నెలలో 15 రోజులు, అంతకంటే ఎక్కువ నొప్పి మాత్రలు వేసుకునేవాళ్లకు ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు. ఆపిన మొదటి వారం, పది రోజులు నొప్పి పెరిగినట్టు అనిపించి తర్వాత తగ్గుతుంది. డాక్టర్‌కు చెప్పే ఆపండి.

ఇక నిద్ర. రాత్రి అత్తగారు కదిలితే చాలు మీకు మెలకువ వస్తుందని రాశారు. రెండేళ్లుగా మీ చెవి ఆ మంచం వైపే ఉంది. శరీరం అలా కాపలా కాయడానికి అలవాటు పడితే, పక్కన మరొకరు ఉన్న రాత్రి కూడా కునుకు పట్టదు. 1995లో అమెరికాలోని ఓహయోలో ఒక అధ్యయనం చేశారు. మతిమరుపు జబ్బు వచ్చిన ఇంట్లోవాళ్లకు సేవ చేస్తున్న 13 మంది ఆడవాళ్ల చేతి మీద చిన్న గాయం చేసి, మానడానికి ఎన్నాళ్లు పడుతుందో చూశారు. అదే వయసులో ఆ బాధ్యత లేని మరో 13 మందితో పోలిస్తే వీళ్ల గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. ఇంటి బరువు ఒంటి మీద ఎలా పడుతుందో నాకు బాగా అర్థమైంది ఆ అధ్యయనంతోనే. మీ ఆడపడుచుకు ఈ సంగతి చదివి వినిపించండి.

నా దగ్గరికి మీలాంటి ఇబ్బందితో వచ్చినవాళ్లను 'రాత్రి మీ ఇంట్లో ఎవరు లేస్తారు?' అని అడుగుతాను. ఆడవాళ్లే అని దాదాపు ప్రతిసారీ తెలుస్తుంది. అందుకే మందుల చీటీలో సగం మీవారికి రాస్తున్నాను. వారానికి రెండు రాత్రులు అమ్మ దగ్గర ఆయన పడుకోవాలి, మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. మొదటి వారం నిద్ర పట్టకపోయినా మానకండి. ఒత్తిగిల్లబెట్టేటప్పుడు అత్తగారి కింద ఒక దుప్పటి అడ్డంగా మడిచి వేసి, చెరో పక్కన పట్టుకుని లాగితే మీ నడుం మీద భారం పడదు. రెండు గంటలకోసారి తిప్పడం మానకూడదు, పుండ్లు పడతాయి. గాలి పరుపు వేస్తే రాత్రిపూట ఆ వ్యవధి కొంత పెంచవచ్చా అని ఆమెను చూసే డాక్టర్‌ను అడగండి. ఆడపడుచు గారు నెలకు నాలుగు రోజులు వచ్చి అమ్మ దగ్గర ఉండగలిగితే, ఆ నాలుగు రోజులు మీరు పుట్టింటికి వెళ్లి రండి. ఈ మాట మీరు అడగలేకపోతే మీవారు అడగాలి. తల్లి ఆయనది, ఆవిడది కూడా.

డబ్బు సంగతి మీరు రాయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. అత్తగారికి రాకపోతే, ఆమెకు అర్హత ఉందో లేదో మీ ఊరి సచివాలయంలో అడగండి. ఆ డబ్బుతో పగటిపూట ఓ మనిషిని పెట్టుకున్నా మీకు చాలా సాయం.

ఒక్క మాట సూటిగా అడుగుతాను. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకుండా, ఊరికే ఏడుపు వస్తోందా? 'నేను లేకపోతే బాగుండు' అనిపిస్తోందా? అలా ఉంటే ఆగకండి, సిగ్గుపడకండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. మందులు అవసరమైతే సైకియాట్రిస్టు రాస్తారు. దిగులు తగ్గడానికి ఇచ్చే మందులకు మీరు బానిస అవుతారన్న భయం వద్దు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఉన్నట్టుండి భరించలేనంత తలనొప్పి, వీటిలో ఏది వచ్చినా మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నెల తర్వాత హిమోగ్లోబిన్ మళ్లీ చూపించుకోండి. ఆ రోజు ఆస్పత్రికి మీవారిని వెంటబెట్టుకుని వెళ్లండి. మీ రిపోర్టు ఆయన చేతిలో పెట్టి డాక్టర్‌తో మాట్లాడించండి. ఇవాళ్టి నుంచి మాత్రం ఒంటిగంటకు అత్తగారికి కంచం పెట్టేటప్పుడే మీ కంచం కూడా పక్కన పెట్టుకోండి.