గ్యాస్ మాత్ర తిండికి ముందే ఎందుకు?

ప్రశ్న: గుండెల్లో మంటకి డాక్టరుగారు పాంటొప్రజోల్ రాశారు, తిండికి అరగంట ముందు వేసుకోమన్నారు. నేను మంట వచ్చినప్పుడే వేసుకుంటున్నాను, తగ్గడం లేదు. యాంటాసిడ్ సిరప్ తాగితే మాత్రం నిమిషాల్లో హాయి. మాత్ర మానేసి సిరప్పే తాగొచ్చా?

జవాబు: రెండూ ఒకే పని చేస్తాయనుకోవడంతోనే వచ్చింది చిక్కు. సిరప్ అప్పటికే కడుపులో ఊరిన ఆమ్లాన్ని విరిచేస్తుంది, అందుకే వెంటనే సుఖం, కానీ కాసేపటికి ఆమ్లం మళ్లీ ఊరుతుంది. పాంటొప్రజోల్ అలా కాదు, అది పేగులో కరిగి, రక్తంలో కలిసి, కడుపు గోడలోని కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోసే ప్రోటాన్ పంపులనే మూసేస్తుంది, అదీ పనిచేస్తున్న పంపులను మాత్రమే. మనం తిన్నప్పుడే ఆ పంపులు జోరందుకుంటాయి కాబట్టి ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. పూర్తి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది, ఒక్క మాత్రకే తేల్చేయకండి. నమలొద్దు, పొడి చేయొద్దు, పైపూత పోతే కడుపులోని ఆమ్లమే మందును పాడుచేస్తుంది.

సిరప్ అప్పుడప్పుడైతే ఫర్వాలేదు. అందులో మెగ్నీషియం విరేచనాలు చేయిస్తుంది, అల్యూమినియం మలబద్ధకం తెస్తుంది, అందుకే చాలా సిరప్‌లలో రెండూ కలుపుతారు (తెలివైన సర్దుబాటే!). థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు ఆ మాత్రకీ సిరప్‌కీ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి. పాంటొప్రజోల్‌ను నెలల తరబడి వాడి ఉన్నట్టుండి ఆపితే మంట కొన్నాళ్లు ఎక్కువ కావచ్చు, డాక్టరుకి చెప్పే ఆపండి. మలం నల్లగా వచ్చినా, మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా మాత్రలతో నెట్టుకురాకుండా వెంటనే చూపించుకోండి.