అమ్మ స్నానం మానేసేంత బిల్లు అసలు ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: ఇంట్లో ఐదుగురం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. ఇన్నేళ్లూ నీటికి నెలకు ఒకే మొత్తం కట్టేవాళ్లం. ఇప్పుడు నగరం కొత్త నిబంధన తెచ్చి ఇంటింటికీ మీటర్లు బిగించింది. మొదటి నెలే 34 కిలోలీటర్లు వాడినట్టు వచ్చింది, బిల్లు పాతదానికి మూడింతలైంది. మీటర్ ఖరీదు కూడా మేమే కట్టాలట, ఒకేసారైనా సరే, వాయిదాల్లోనైనా సరే. వాన నీటి ట్యాంకు పెట్టుకుంటే బిల్లు తగ్గుతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. దానికోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? బిల్లు వచ్చిన దగ్గర్నుంచి అమ్మ రోజు విడిచి రోజు స్నానం చేస్తోంది. వద్దన్నా వినడం లేదు.

జవాబు: లోన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు అమ్మగారి సంగతి. బకెట్ స్నానానికి రెండు బకెట్లు, అంటే 40 లీటర్లు అనుకుందాం. నెలలో 15 రోజులు మానేస్తే మిగిలేది 600 లీటర్లు. మీ బిల్లులో ఉన్నది 34,000 లీటర్లు. ఆవిడ అంత ఇబ్బంది పడినా ఒక్క కిలోలీటరు కూడా తగ్గడం లేదు. ఈ లెక్క ఇవాళే ఆవిడకు చెప్పండి. పెద్దవాళ్లు బిల్లు భయంతో స్నానం తగ్గించుకుంటారు, ఆ తర్వాత బాత్రూంకు వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు తాగడం కూడా తగ్గిస్తారు, అక్కడిదాకా రానివ్వకండి.

ఇక ఆ 34 సంగతి. 34,000ను ఐదుగురికీ, 30 రోజులకీ పంచితే మనిషికి రోజుకు దాదాపు 227 లీటర్లు. ఇంగ్లండ్‌లో సగటున ఒక మనిషి రోజుకు వాడేది సుమారు 140 లీటర్లు. కేప్‌టౌన్‌లో కరువు ముదిరినప్పుడు, 2018 ఫిబ్రవరి 1 నుంచి, మనిషికి రోజుకు 50 లీటర్లే అని పరిమితి పెట్టారు. అంతగా కుదించుకోమని నేను చెప్పడం లేదు. కానీ తోట, ఈతకొలను లాంటివి లేని ఇంట్లో 227 అంటే ఆ నీళ్లు మీరు వాడుతున్నవి కావేమోనని నా అనుమానం. ఎక్కడో కారిపోతున్నాయి.

మా ఇంట్లో మీటర్ పెట్టిన కొత్తలో ఇదే జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒక రాత్రి రెండింటికి టార్చ్ పట్టుకుని వెళ్లి మీటర్ మూత తీశాను. ఇల్లంతా నిద్రలో ఉంది, ఒక్క కుళాయి కూడా తెరిచి లేదు, అయినా డయల్ మీద చిన్న ఎర్ర చక్రం మెల్లగా తిరుగుతూనే ఉంది. కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. ఫ్లష్ ట్యాంకు అడుగున ఉండే రబ్బరు గట్టిపడి ఒక అంచు పైకి లేచింది. అక్కడి నుంచి నీళ్లు సన్నటి పొరలా పింగాణీ వెనకవైపు నుంచి జారిపోతున్నాయి, చప్పుడు లేదు, దగ్గరికి వంగి చూస్తే తప్ప కనపడదు. నెలకింత అని కట్టిన రోజుల్లో అది ఎన్నాళ్లుగా కారుతోందో!

మీరూ ఈ రాత్రే చూడండి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటే అది నిండి, ఫ్లోట్ వాల్వ్ (ట్యాంకు నిండగానే నీళ్లు ఆపేసే తేలే బంతి) మూసుకున్నాక మొదలుపెట్టండి, లేదంటే ట్యాంకు నిండుతున్న నీళ్లను లీకేజీ అనుకుంటారు. అందరూ పడుకునే ముందు రీడింగ్ ఫొటో తీసి, పొద్దున ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్లీ తీయండి. చాలా మీటర్లలో నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్రవి లీటర్లు. ఉదాహరణకు ఆరు గంటల్లో 96 లీటర్లు పెరిగిందనుకోండి, గంటకు 16, రోజుకు 384, నెలకు పదకొండున్నర కిలోలీటర్లు. మీ 34 లోంచి అది తీసేస్తే మనిషికి రోజుకు 150 లీటర్లే అవుతుంది, అప్పుడు మీది మామూలు ఇల్లే.

లీకేజీ ఉందని తేలితే ఓవర్‌హెడ్ ట్యాంకుకు వెళ్లే పైపు వాల్వ్ కట్టేసి మీటర్ చూడండి. అప్పటికీ తిరుగుతుంటే లోపం మీటర్‌కూ వాల్వ్‌కూ మధ్య పైపులో ఉంది. ఆగిపోతే ఇంటి లోపల. ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి పావుగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి, కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే రబ్బరు పోయినట్టే. ఓవర్‌హెడ్ ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు కింద తడి ఉందేమో కూడా చూడండి, ఫ్లోట్ వాల్వ్ సరిగా మూసుకోకపోతే నీళ్లు అటునుంచి పోతాయి.

రాత్రి రీడింగ్ కదలకపోతే అప్పుడు మీటర్‌ని అనుమానించండి. ట్యాంకుకు వెళ్లే పైపు మూసి, నేరుగా మెయిన్ లైన్ మీద ఉన్న కుళాయి నుంచి 20 లీటర్ల బకెట్ ఐదుసార్లు నింపండి, మీటర్ 100 దగ్గర పెరగాలి. బాగా తేడా వస్తే పరీక్షించమని రాతపూర్వకంగా అడగండి. నీళ్లు రోజులో కొన్ని గంటలే వచ్చే చోట పైపులో ముందుగా గాలి తోసుకొచ్చి మీటర్‌ని తిప్పేస్తుంది, దానికి ఎయిర్ వాల్వ్ పెట్టమని అడగొచ్చు. ఫిర్యాదు ఇచ్చాం కదా అని బిల్లు మాత్రం ఆపకండి, ఆలస్య రుసుము పడుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. బిల్లు వెనకవైపు స్లాబులు ఎలా లెక్కేశారో చదవండి, రెండు పద్ధతులుంటాయి. 20 కిలోలీటర్ల దాకా ఒక ధర, దాటితే రెట్టింపు అనుకుందాం. కొన్నిచోట్ల దాటిన నీళ్లకే రెట్టింపు వేస్తారు, 22 వాడితే 24 కిలోలీటర్ల మామూలు ధర కడతారు. మరికొన్ని చోట్ల గీత దాటితే మొత్తం నీళ్లకీ రెట్టింపే, అదే 22కి 44 కిలోలీటర్ల ధర! రెండో పద్ధతి ఉన్న ఊళ్లో 20 దగ్గర ఆగడమే అసలైన పొదుపు. మురుగు చార్జీని నీటి చార్జీలో ఇంత శాతం అని వేసే చోట అదీ కలిసి పెరుగుతుంది. రీడింగ్ తేదీలు కూడా చూడండి. 30 రోజులకు బదులు 38 రోజులకు తీసి, స్లాబు మాత్రం నెలకే లెక్కేస్తే మీరు అన్యాయంగా పై స్లాబులో పడతారు, అది అడిగి సరిచేయించుకోవాల్సిన తప్పు.

మీటర్ ఖరీదుకు వడ్డీ లేకపోతే వాయిదాలే తీసుకోండి, డబ్బు మీ దగ్గరే ఉంటుంది. వడ్డీ వేస్తే, అది మీ సేవింగ్స్ మీద వచ్చేదానికన్నా ఎక్కువైతే, ఒకేసారి కట్టేయండి. అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చుకన్నా తక్కువుంటే దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

వాన నీటి ట్యాంకుకు లోన్ వద్దు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అంటే 60 కిలోలీటర్లు, కాగితం మీద బాగుంటుంది. కానీ 2,000 లీటర్ల ట్యాంకు 20 మిల్లీమీటర్ల వానకే నిండిపోతుంది, మిగతాదంతా బయటికే. ఏడాదిలో పదిసార్లు నింపి వాడుకున్నా 20 కిలోలీటర్లు, పైన చెప్పినంత లీకేజీ ఉంటే అది రెండు నెలల్లో మింగేసేదానికన్నా తక్కువ. ట్యాంకు ఖర్చును ఏడాదికి తగ్గే బిల్లుతో భాగించండి, వచ్చే అంకె ఎంతో, అన్నేళ్లకు గానీ ఆ ఖర్చు తిరిగి రాదు. దానిపైన లోన్ వడ్డీ. మీ నగరం వాన నీటి ఏర్పాటు తప్పనిసరి చేస్తే ముందు ఇంకుడు గుంతతో సరిపోతుందేమో కనుక్కోండి. సబ్సిడీ ఉంటే, కొనే ముందే దరఖాస్తు చేయాలన్న షరతు ఉందేమో చూసుకోండి.

మీ ఊరొక్కటే ఇలా చేస్తోందనుకోకండి. సింగపూర్ 1991లోనే నీటి పొదుపు పన్ను తెచ్చింది. కాలిఫోర్నియా 2004లో చట్టం చేసి మీటర్ లేని ఇళ్లకు 2025 నాటికల్లా మీటర్లు పెట్టాలంది. మీటర్ మళ్లీ పోదు, దాన్ని చదవడం అలవాటు చేసుకోవాలి. మా ఇంట్లో ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున రీడింగ్ రాస్తాం, పిల్లలకు ఆ పని ఇస్తే ఇష్టంగా చేస్తారు.

లీకేజీ దొరికి రబ్బరు మార్చాక మరో రాత్రి రీడింగ్ తీయండి. మార్చక ముందు, మార్చిన తర్వాత అని రెండు అంకెలూ పెద్ద అక్షరాల్లో రాసి ఆ కాగితం అమ్మగారి చేతికివ్వండి.