బోదె: గట్టా, కాలువా?

సందేహం: మాది చిత్తూరు దగ్గర పల్లె. చెరుకు తోటలో మట్టి ఎగదోసి ఎత్తుగా చేసిన వరుసను మా నాన్న బోదె అంటాడు. పెళ్లయి కోనసీమకు వచ్చాక మామగారు ఒకరోజు 'బోదె పూడిపోయింది, తవ్వించాలి' అంటే తెల్లబోయాను. ఎత్తుగా ఉండేది పూడిపోవడం ఏమిటి? షెడ్డు కప్పు రేకుల మీద వరుసగా ఉబ్బి ఉండేవాటినీ బోదెలు అనొచ్చా?

సమాధానం: ఇద్దరూ సరిగ్గానే అన్నారమ్మా. గోదావరి వైపు బోదె అంటే చిన్న కాలువ. పంటబోదె పొలానికి నీళ్లు తెస్తుంది, మురుగుబోదె బయటికి తీసుకుపోతుంది. వ్యవసాయం పుస్తకాల్లో 'బోదెలు, కాలువలు' అని జంటగా రాసినచోట మాత్రం మీ నాన్నగారి అర్థమే.

ఎత్తుకూ పల్లానికీ ఒకే పేరేమిటని తిట్టుకోకండి. నాగలి మట్టిని పక్కకు తోసినప్పుడు గట్టూ కాలువా ఒక్కసారే పుడతాయి. నీళ్లకోసం చూసేవాడు కాలువకూ, మొక్కకోసం చూసేవాడు గట్టుకూ ఆ పేరు పెట్టుకుని ఉంటారని నా ఊహ. ఇంగ్లీషులో గుంటకు చెప్పే డిచ్, గట్టుకు చెప్పే డైక్ కూడా ఒక్క మాటనుంచి చీలినవే.

అంతెందుకు, మీ తోటలోనే చూడండి. చెరుకు ముచ్చెలు, అంటే నాటడానికి కోసిన గడ ముక్కలు, నాటేది కాలువలో. కొన్ని నెలలకు తోట పడిపోకుండా మొదళ్లకు మట్టి ఎగదోస్తారు. దాంతో నాటిన కాలువ బోదె అవుతుంది, పాత బోదె కాలువ అవుతుంది! మనిషి కాదు, మన్నే అర్థం మార్చేసింది.

చెట్టు మానునూ బోదె అంటారు, అరటిబోదె అన్నట్టు. బోదకాలును కూడా దీనికే ముడిపెట్టేవాళ్లున్నారు. కాలు మానులా వాస్తుంది కాబట్టి వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ మాట బోద, బోదె కాదు. నేనైతే ముడిపెట్టను.

ఇక రేకులు. తిరుపతిలో మా వీధిలో షెడ్డు వేస్తున్న మేస్త్రీ ముందు 'బోదెల రేకు' అని చూశాను. నవ్వాడు. బోదె మట్టిని వదిలి రాలేదు. 'గట్లు గట్లుగా ఉండే రేకు' అంటే ఎవరికైనా తెలుస్తుంది. చారలు అనకండి, చార రంగుదే, చేతికి తగలదు. బెత్తం దెబ్బకు ఉబ్బి తేలేది వాత, అది ఒంటికే. మీ చిత్తూరువైపు పొలం గట్టును గెనిమ అంటారు గదా, అదీ రేకు దాకా రాదు.