పురాణాల అరలో జానెడు ఖాళీ ఉంచు

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసింది. పాత పంచాయతీ గదికి సున్నం వేయించి లైబ్రరీ పెడుతున్నావట, నాలుగు వేల పుస్తకాలట. "ఉద్యోగం చూసుకోవే అంటే వినదక్కా" అని దాని గోల. దాన్ని ఓదార్చి ఫోన్ పెట్టేశాక వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మన ఇంట్లో ఇంకో లైబ్రేరియన్! కానీ అది చెప్పిన రెండో మాటకు రాత్రి నిద్ర పట్టలేదు. పుస్తకాలను విషయాలవారీగా సర్దడానికి లైబ్రరీల్లో వేసే డ్యూయీ నంబర్లలో పక్షపాతం ఉంది, అవతల పారేసి సొంత నంబర్లు వేస్తానన్నావట.

ముందు తేలికవి చెప్తాను. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరసగా రాసుకునే యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కనిదే ఏ పుస్తకమూ ర్యాకు ఎక్కకూడదు. ర్యాకులు గోడకు ఆనించకు, చెదలు గోడలోంచే దిగుతాయి. పిల్లల పుస్తకాలు కింది అరల్లో పెట్టు.

ఇక డ్యూయీ. నీ కోపంలో తప్పు లేదు. 1876లో అమెరికాలో ఆ కుర్రాడు (అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు) లోకంలోని చదువంతా పది గంపలకెత్తాడు. మతానికి 200 ఇచ్చి, 220 నుంచి 280ల దాకా బైబిలుకూ క్రైస్తవానికే పరిచాడు. మిగతా మతాలన్నీ 290లలో సర్దుకోవాలి. ఇస్లాం 297, బౌద్ధం 294.3, హిందూ మతం 294.5. ఏసు గురించిన పుస్తకానికి 232 చాలు, రామాయణానికి మాత్రం 294.5922. పలచటి రామాయణం వీపు మీద అంత లేబుల్ ఎక్కక అట్ట మీద అంటించేదాన్ని. ఇంగ్లీషు సాహిత్యం 820, మన తెలుగు 894.827. మా లైబ్రరీలో ముప్పావు వంతు తెలుగు పుస్తకాలే, ఆ అంకెలు రాసి రాసి వేళ్ళు పీకేవి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. డ్యూయీ మనవాడు కాదు, సరే. మన దేశంలో లైబ్రరీ శాస్త్రానికి పెద్దదిక్కయిన రంగనాథన్ గారు మనవారే కదా, పుస్తకాలు సర్దడానికి ఆయన తయారుచేసిన కోలన్ వర్గీకరణ తీసి చూడు. అందులో మతానికి క్యూ అక్షరం. వైదికం క్యూ1, తర్వాతి హిందూ మతం క్యూ2, క్రైస్తవం క్యూ6, ఇస్లాం క్యూ7. గరిటె చేయి మారింది, అంతే. లైబ్రరీలకు ఆయన రాసిన ఐదు సూత్రాలు బట్టీపట్టి పరీక్ష రాసినదాన్ని, ఆయన మీద గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. కానీ రేపు నువ్వు నంబర్లు వేస్తే ఆ గరిటె నీ చేతికొస్తుంది.

నా చేతిలో ఉన్నప్పుడు ఏం చేశానో మీ పెదనాన్నకు కూడా చెప్పలేదు.

1987. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. మాదిగవాడ నుంచి ఒక ముసలాయన బియ్యం సంచిలో చుట్టి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చాడు. మాదిగల దగ్గరకొచ్చే డక్కలివాళ్ళు బొమ్మల పటం విప్పి చెప్పే జాంబ పురాణం, మాదిగల పుట్టుక చెప్పే పురాణం. పదో తరగతి చదివే ఆయన కొడుకు మూడు రాత్రులు వాళ్ళ ముందు కూర్చుని రాసుకున్నాడట. అంచుల దాకా రాసేశాడు, పాట ఎర్ర సిరాతో, మాట నీలం సిరాతో. "మీ దగ్గరుంటే పదిలంగా ఉంటదమ్మా" అన్నాడు ముసలాయన. ముద్ర కొట్టాను, రిజిస్టర్‌లో ఎక్కించాను, పెన్సిల్‌తో 398.2 వేశాను. జానపద కథలు. క్షణం ఆలోచించలేదు.

నెలకు కొడుకును వెంటబెట్టుకుని చూసుకోడానికి వచ్చాడు. మార్కండేయ పురాణం, భాగవతం 294.5925 దగ్గర వరసగా ఉన్నాయి. పిల్లాడు అక్కడే వెతికాడు. లేదు. నేను వెళ్ళి నక్కా కాకీ కథల పక్కనుంచి తీసిచ్చాను. ముసలాయన ఆ అరనూ ఈ అరనూ చూసి, "మీది పురాణం, మాది కథనా అమ్మా?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"అమెరికావాళ్ళ పుస్తకంలో అట్లనే ఉంది తాతా" అన్నాను.

ఎక్కడుంది? డ్యూయీకి జాంబ పురాణం ఊసే తెలియదు. లోకం పుట్టకముందే పుట్టిన జాంబవ మునిది పురాణం కాదని తేల్చింది నేను, మా ఇంట్లో నేర్చుకున్న లెక్కతో. నోట్‌బుక్ తిరిగిమ్మని అడిగాడు. ముద్ర పడ్డాక ఇవ్వడానికి లేదన్నాను. ఆ ఒక్క రూలు మాత్రం గట్టిగా పాటించాను! ఆయన మళ్ళీ మా మెట్లెక్కలేదు.

కొన్నేళ్ళకు ఒక్కసారీ ఇష్యూ కాని పుస్తకాల లిస్టు రాయమన్నారు. నా చేత్తోనే రాశాను. అందులో ఆ నోట్‌బుక్ కూడా ఉంది, ఇచ్చిన తేదీలు వేసే డేట్ స్లిప్ తెల్లగా ఉంది. నక్కల కథల్లో పురాణం ఎవరు వెతుకుతారు? పాత పేపర్లతో తూకానికి పోయింది. దానికి రెండో ప్రతి లేదు బిడ్డా.

రిటైరయ్యాక డొరతీ పోర్టర్ అనే అమెరికా లైబ్రేరియన్ సంగతి చదివాను. అమెరికాలో నల్లజాతి కవుల పుస్తకాలను కూడా వలసల కింద 325లో, బానిసత్వం కింద 326లో పెట్టే రోజుల్లో, హోవార్డ్ యూనివర్సిటీలో ఆవిడ అలా పెట్టనంది. కవిత్వాన్ని కవిత్వంలోనే పెట్టింది. ఆ పూట అన్నం సయించలేదు నాకు.

అందుకే చెప్తున్నా, డ్యూయీని పారేయకు. రెండేళ్ళకు నువ్వు ఏ హైదరాబాదో వెళ్తావు, నీ సొంత నంబర్లు తర్వాత వచ్చేవాళ్ళకు అర్థం కావు. స్థానిక మతాన్నీ భాషనూ ఒక అక్షరం తగిలించి ముందుకు తెచ్చుకునే వీలు డ్యూయీ నంబర్ల పట్టికలోనే ఉంది, చూడు. మార్చిన ప్రతిదీ ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయి. కోపం కొద్దీ పాస్టర్ గారిచ్చిన పుస్తకాలను మూలకు తోసేవు! ఆ పిల్లలూ మన ఊరి పిల్లలే. నంబరు వేసేముందు పుస్తకం ఇచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఇది మీకు ఏమవుతుందని అడుగు.

వేళకు తిను. ఆ గదిలో ఫ్యాన్ లేదట, డబ్బులు పంపుతున్నాను.

డక్కలివాళ్ళు మన ఊరికి ఇంకా వస్తున్నారేమో వాడలో కనుక్కో. వస్తే నాకు ఫోన్ చెయ్యి, మోకాళ్ళ నొప్పులున్నా బస్సెక్కి వస్తాను. లాంగ్ నోట్‌బుక్కూ రెండు రంగుల పెన్నులూ నేనే తెస్తాను. 294.5925 దగ్గర జానెడు ఖాళీ ఉంచు.

మీ పెద్దమ్మ