ప్రొబేట్ లేని వీలునామా చెల్లుతుందా?

ప్రశ్న: దేవరకొండ దగ్గరి మా చిన్నాయన నాలుగెకరాలు నాకు రాసి చనిపోయారు. ఆ వీలునామాకు ఇంతవరకు ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తీసుకోలేదు. అది చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది. తెలంగాణలోని భూమికి ఇక్కడే రాసిన హిందువుల వీలునామాకు ప్రొబేట్ గానీ, రిజిస్ట్రేషన్ గానీ తప్పనిసరి కాదు. అయితే ముందు ఆఖరి పేజీ తీసి చూడండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, చిన్నాయన సంతకానికో వేలిముద్రకో కనీసం ఇద్దరు సాక్షులుగా సంతకం చేసి ఉండాలి; మిగతా వారసులు అభ్యంతరం చెబితే, ఆ సాక్షుల్లో బతికున్న ఒకరినైనా కోర్టులో విచారించి దాన్ని రుజువు చేసుకోవాలి. సాక్షులు వృద్ధులైతే దయచేసి ఆలస్యం చేయకండి, వారు పోయాక సంతకాలు నిరూపించడం చాలా కష్టం. మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) కోసం తహసీల్దారుకు దరఖాస్తు చేయండి. పాసుబుక్కులో పేరెక్కినంత మాత్రాన హక్కు తేలదు కనుక, చిన్నమ్మ, పిల్లలు ఒప్పుకోకపోతే సివిల్ కోర్టులో హక్కు ప్రకటన దావా వేయాల్సిందే.