‘కమింగ్?’ అంటే తప్పా?

సందేహం: ఇంగ్లీషులో కర్త లేకుండా వాక్యం ఉండదని బళ్లో చెప్పారు. కానీ మాటల్లో ‘కమింగ్?’, ‘సీ యూ టుమారో’ అనే అంటారు. ఇవి తప్పులా? మనం ‘నేను’ లేకుండా ‘వచ్చాను’ అనడం కూడా ఇలాంటిదేనా?

సమాధానం: తప్పులు కావు. వదిలేసిన మాటను వినేవారు సందర్భాన్ని బట్టి పూరించుకోగలిగితే చాలు. అలా పూరించుకోవడాన్నే అధ్యాహారం అంటారు. అయితే రెండు భాషలూ వదిలే తీరు ఒకటి కాదు.

‘వచ్చాను’లో చివరి ‘ను’ చూడండి. ‘నేను’ ఎక్కడికీ పోలేదు, క్రియలోనే కూర్చుంది. ఇంగ్లీషు ‘కేమ్’కి ఆ ఆనవాలు లేదు. ఐ, యూ, హీ, దే, ఎవరు వచ్చినా అదే ‘కేమ్’. అందుకే రాతలో కర్త ఉండాలని పట్టుబడతారు. మాటల్లో ఆ లోటును గొంతు తీరుస్తుంది. ‘గోయింగ్ హోమ్’ అని స్వరం దించితే నేను వెళ్తున్నానని, పైకి లేపితే నువ్వు వెళ్తున్నావా అని. దరఖాస్తులోనో వ్యాసంలోనో ఆ గొంతు ఉండదు కాబట్టి అక్కడ పూర్తి వాక్యమే రాయండి.

మనకు అసలు చిక్కు కర్మ దగ్గర వస్తుంది. ‘ఆ పుస్తకం చదివావా?’ అంటే ‘చదివాను, బాగా నచ్చింది’ అంటాం. పుస్తకం మాట మళ్లీ ఎత్తం, ‘దాన్ని’ అని కూడా అనం. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులో ‘ఐ లైక్‌డ్’ అని ఆపేస్తాం. అక్కడ ‘ఇట్’ ఉండి తీరాలి. బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా ఈ ‘ఇట్’ జారిపోతుంటుంది.

ఇంకొకటి. ‘ద బుక్ దట్ ఐ బాట్’లో ‘దట్’ తీసేయొచ్చు. ‘ద మ్యాన్ హూ కేమ్’లో ‘హూ’ తీయకూడదు. తీస్తే ‘వచ్చిన మనిషి’ కాస్తా ‘మనిషి వచ్చాడు’ అయిపోయి, తర్వాతి మాటలకు చోటుండదు.

ఉండాల్సిన మాట వదిలేయడం కన్నా, దానికి తిరగేసిన పొరపాటు, అంటే అక్కర్లేని మాట చేర్చడం, నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అనువాదాల్లో ‘అతను తన చేతిని తన జేబులో పెట్టుకున్నాడు’ అని రాస్తున్నారు. ‘పెట్టుకున్నాడు’ (పెట్టు + కొను)లో, పని చేసినవాడికే చెందుతుందని చెప్పే ‘కొను’ ఉంది. అది చేరిందంటే చెయ్యీ జేబూ అతనివే. ఇంగ్లీషుకి ‘కొను’ లేదు, రెండుసార్లు ‘హిజ్’ అనక తప్పదు. మనకేం అవసరం? ఆ రెండు ‘తన’లూ కొట్టేసి, ‘జేబులో చెయ్యి పెట్టుకున్నాడు’ అని ఒకసారి పైకి చదివి చూడండి.